ఇప్పుడే అయిందండీ

గోడకు చిల్లు పెట్టాలంటే ముందు ఆ తెర తియ్యాలన్నాడు డ్రిల్లింగు మిషను పట్టుకొచ్చిన ఎలక్ట్రీషియను. బట్టల కొట్లో టైలరు కూర్చునే మూలకూ, దాని వెనక ఇస్త్రీ బల్లకూ మధ్య ముదురాకుపచ్చ తెర ఒకటి ఏళ్ళ తరబడి వేలాడుతోంది. చీపురు తగిలి తగిలి దాని కింది అంచు తెల్లబడిపోయింది. టైలరు మిషను ఆపి, "భోజనాల వేళ తీస్తే కాదా బాబూ?" అన్నాడు. కాదన్నాడు ఎలక్ట్రీషియను. మీటరు బోర్డు ఆ గోడ అవతలే ఉంది. కేబులు అక్కణ్ణించి ఈ మూలలోకి వచ్చి, కిటికీ పక్కనుంచి బయటికి పోవాలి. బయట, కొట్టు పక్కన కార్లు ఆగే చోట, కరెంటు కార్లకి ఛార్జింగు పెట్టే యంత్రం అప్పటికే అట్టపెట్టెలో నిలబడి ఉంది.

ఎదురుగా చొక్కాల కౌంటర్లో అక్క ఒక కొత్త చొక్కాకున్న గుండుసూదులు తీస్తూ ఇదంతా వింటోంది. టైలరు ఆమె భర్త. కొట్లో ఆమెని అందరూ అక్కా అనే పిలుస్తారు, ఆమెకన్నా వయసులో పెద్దవాడైన కాషియరుతో సహా. టైలరుని మాత్రం ఎదురుగా టైలర్ గారూ అంటారు, వెనకాల నత్త అంటారు. ప్యాంటు కాళ్ళు కాస్త పొట్టి చెయ్యడానికి అరగంట తీసుకునే మనిషిని ఇంకేమనాలో ఆమెకీ తెలీదు. కోపం వచ్చినప్పుడు ఇంట్లో ఆమె కూడా అదే అంటుంది.

ఎలక్ట్రీషియను నిచ్చెనెక్కి తెరని ఒక్క గుంజు గుంజాడు. రింగులతో సహా జారి కింద పడింది.

వెనక ఇనప కడ్డీకి నాలుగు ప్యాంట్లు వేలాడుతున్నాయి. పొడవు తగ్గించి, అంచు మడిచి కుట్టి, ఇస్త్రీ చేసి, చీటీలు గుచ్చి ఉన్నాయి. వాటి తాలూకు మనుషులు మాత్రం కొట్లోనే అక్కడక్కడా తిరుగుతున్నారు. ఒకాయన బెల్టులు చూస్తున్నాడు. ఒకాయన భార్యతో కలిసి దుప్పట్ల దగ్గర నిలబడ్డాడు. ఇంకొకాయన, భారీ మనిషి, సరిగ్గా అప్పుడే రెండోసారి వచ్చి, "ఇంకా ఎంతసేపయ్యా?" అని అడుగుతున్నాడు. అడుగుతూ అడుగుతూనే కడ్డీ వైపు చూశాడు.

"ఆ బూడిదరంగుది నాది కాదూ?"

టైలరు లేచాడు. ప్యాంటు దింపి, చీటీ తీసి, మడతపెట్టి, రెండు చేతులతో అందిస్తూ, అలవాటు కొద్దీ, "ఇప్పుడే అయిందండీ," అన్నాడు.

ఆ ముక్క అనకుండా ఉంటే ఎలా ఉండేదో గానీ, అన్నాడు. ఆ భారీ మనిషి ప్యాంటు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. "ఇస్త్రీ చల్లారిపోయి ఎంతసేపయిందో. ఇప్పుడే అయిందట," అని కొట్టంతా వినపడేలా అన్నాడు. బెల్టుల దగ్గరున్నాయన, దుప్పట్ల దగ్గరున్న మొగుడూ పెళ్ళాలూ కూడా వచ్చి కడ్డీ ముందు చేరారు. ఎవరి ప్యాంటు వాళ్ళు గుర్తుపట్టి, ఎవరి చేత్తో వాళ్ళే దించుకున్నారు.

చిన్నసారు ఛార్జరు కంపెనీవాళ్ళ కాగితాలు పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాడు. మంచి మనిషే. చదువుకున్నవాడు, గొంతు పెంచడు. తండ్రి పెద్దసారు పోయాక కొట్టు అతని చేతికొచ్చి ఏడాది కూడా కాలేదు. వచ్చినవాళ్ళకి నచ్చజెప్పి పంపించి, కడ్డీకి మిగిలిన ఒక్క ప్యాంటునీ చేత్తో తాకి చూశాడు. అదీ చల్లగానే ఉంది.

"ఇవన్నీ ఎప్పుడో అయిపోయాయా టైలర్ గారూ?"

"అయ్యాయి సార్."

"మరి వాళ్ళని ఎందుకు తిప్పుతున్నారు?"

టైలరు కాషు కౌంటరు మీదున్న పెద్దసారు ఫొటో వైపు ఒకసారి చూశాడు. తర్వాత మిషను మీది దారపు ముక్కలు ఏరి అరచేతిలో పోగెయ్యడం మొదలుపెట్టాడు. అక్కకి తల కొట్టేసినట్టయింది. నత్త అంటే చేతకానితనం, దానికెవరేం చేస్తారు. పని పూర్తిచేసి, దాచిపెట్టి, వచ్చినవాళ్ళతో అబద్ధమాడటం వేరే సంగతి. ఏదో ఒకటి చెప్పండి, నోట్లో ఏం పెట్టుకున్నారు అని ఆమె లోలోపల అరుస్తోంది. ఆ అరుపు ఆయనకి వినపడలేదు.

"బద్ధకం అయితే నేను అర్థం చేసుకోగలను," అన్నాడు చిన్నసారు. "ఇదేమిటో నాకర్థం కావట్లేదు. మిషను వెనక గోడౌన్లో వేసుకోండి. ఇకనించి పది నిమిషాలు, అంతే. బయట బోర్డు కూడా పెట్టిస్తాను. శనివారం దాకా చూస్తాను. కుదరకపోతే ప్యాంట్లన్నీ వీధి చివర టైలరుకి పంపించేద్దాం. కొట్లో మనిషి ఉండాలనేం లేదు."

డ్రిల్లింగు మొదలైంది. సున్నం పొడి వచ్చి కుట్టుమిషను మీద పడింది. టైలరు మొలలోంచి గుడ్డపేలిక తీసి దాన్ని తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

ఇంటికొచ్చాక అక్క పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, గట్టుకి ఆనుకుని నిలబడింది. టైలరు పక్కింటి పిల్ల స్కూలు గౌను ముందరేసుకుని కూర్చున్నాడు. పిల్ల పొడుగెదిగింది, అంచు విప్పి కిందికి దించాలి. బ్లేడుతో పాత కుట్టు చరచరా కోసేసి, మడత విప్పి, గోటితో గీత తీసి, సూదిలో దారం ఎక్కించాడు. పాలు పొంగులోకి వచ్చేసరికి గౌను మడతపెట్టి బల్ల మీద పెట్టేశాడు.

అక్క పొయ్యి కట్టేసింది. గౌను అంచు వెనక్కి తిప్పి చూసింది. వంక పెట్టడానికి ఏమీ లేదు, అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

"ఇంట్లో ఇలా పరిగెత్తే చేతికి కొట్లో ఏ రోగం వస్తుంది?"

"అది కొట్టు. ఇది ఇల్లు."

"ఆ మాట చిన్నసారుతో చెప్పలేకపోయారా? తాటిచెట్టు ఎందుకెక్కావయ్యా అంటే దూడగడ్డి కోసం అన్నాట్ట వెనకటికి ఒకడు. మీరు ఆపాటి అబద్ధం కూడా ఆడలేకపోయారు. బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డారు."

"చెప్పాల్సినాయన పోయాడు. ఇంకెవరికి చెప్పను?" అన్నాడు టైలరు, సూదిని చొక్కా జేబు అంచుకి గుచ్చుకుంటూ.

ఆయన మాటలు ఎప్పుడూ ఇలాగే ఉంటాయి, తలా తోకా ఉండవు. ఆమె పట్టించుకోలేదు. ఆమె బుర్రలో శనివారం తిరుగుతోంది. ఈ వయసులో ఇంకో కొట్టు గుమ్మం ఎక్కి, నాకు కుట్టు వచ్చండీ అని చెప్పుకునే మనిషి కాదాయన. ఎవరైనా పిలిస్తే తప్ప మాట్లాడడు. ఆయన్ని వీధిలోకి పంపించి, ఎదురుగా ఆ ఖాళీ మూల చూస్తూ తను చొక్కాలు ఎలా మడతపెడుతుంది?

"రేపట్నించి ప్యాంట్లు నేనే తెచ్చిస్తాను, నేనే పట్టుకెళ్తాను. మీరు తల ఎత్తకండి. ఎవరితో మాట్లాడకండి. కుట్టడమే పని," అంది.

టైలరు ఆమె వైపు చూసి, పాలు తాగాడు.

గోడౌను అంటే పాత అట్టపెట్టెలూ, కాళ్ళు విరిగిన బొమ్మలూ పడుండే గది. బొమ్మల్ని ఒక పక్కకి జరిపి, మిషను వెలుతురుకి వేసుకున్నాడు టైలరు. కిటికీ కొట్టు పక్కకే తెరుచుకుంటుంది, అందులోంచి ఛార్జరు కనపడుతుంది. మంగళవారం పొద్దున్నే దాని మీద రేకుల పందిరి వేశారు. ఎండకీ వానకీ యంత్రం పాడవకుండా, కార్లాయన తడవకుండా. పందిరి కింద నేలకి ఆకుపచ్చ రంగు కొట్టారు. "కొట్టు బట్టలదా కరెంటుదా అక్కా? రేపట్నించి చొక్కా సైజులు కూడా వోల్టుల్లో చెప్పాలేమో," అన్నాడు ప్యాకింగు చేసే ఆయన. అక్కకి నవ్వు రాలేదు. ఆమెకి ఆ పూట కాలు నిలిచే తీరిక లేదు.

ట్రయల్ రూములోంచి మనిషి బయటికి రాగానే అక్క మోకాళ్ళ మీద కూర్చుని, ప్యాంటు అంచు మడిచి, సుద్దముక్కతో గీత గీసి, రెండు సూదులు గుచ్చి, విప్పించుకుని గోడౌనుకి పరుగెత్తేది. టైలరు కత్తెర వేసేవాడు, పోగులు ఊడకుండా అంచుకి ఓవర్‌లాక్ కొట్టేవాడు, మడిచి మిషను మీద ఒక కాలు, రెండో కాలు, ఆ పక్కనే ఇస్త్రీ. ఆమె ఊపిరి పీల్చుకునేలోపు అయిపోయేది. ఒకసారి తలుపు దగ్గరికి వచ్చేసరికి లోపల్నించి కూనిరాగం వినపడి ఆగిపోయింది. రేడియోనా అనుకుంది. కాదు, ఆయనే. కొట్లో ఆయన నోటివెంట పాట రావడం ఆమె ఎప్పుడూ వినలేదు.

వచ్చినవాళ్ళకి సంతోషం. "అప్పుడే అయిపోయిందా!" అని కళ్ళు పెద్దవి చేసుకుని, సంచీ అందుకుని వెళ్ళిపోతున్నారు. చిన్నసారు పది నిమిషాల బోర్డు వైపు చూసి తల ఆడించాడు. అక్కకి కాస్త ధైర్యం వచ్చింది. శనివారం గట్టెక్కేటట్టే ఉంది.

బుధవారం మధ్యాహ్నానికి గానీ ఆమె గమనించలేదు, తన కౌంటర్లో చొక్కాలు తెల్లారి సర్దినవి సర్దినట్టే ఉన్నాయని. మామూలుగా ఆ వేళకి బల్ల మీద గుట్ట పడి ఉంటుంది. ప్యాంటు కోసం ఆగినవాడు ఊరికే నిలబడలేడు కదా, ఇది చూపించు, అది చూపించు అంటాడు. వద్దు వద్దంటూనే ఒకటి తీసుకుంటాడు. భార్య వెంట వస్తే దుప్పట్ల దాకా పోతుంది. ఇప్పుడు ప్యాంటు చేతికి రాగానే గుమ్మం దాటుతున్నారు. బెల్టులమ్మే పిల్ల స్టూలు మీద కూర్చుని గోళ్ళు చూసుకుంటోంది. ప్యాకింగాయన దారం ఉండ చుట్టుకుంటున్నాడు.

ఛార్జరు దగ్గరికి మాత్రం కార్లు వస్తున్నాయి. చిన్నసారు ఒక్కో కారు రాగానే అద్దాల తలుపు దాకా వెళ్ళి నిలబడుతున్నాడు. దిగినవాడు కేబులు తగిలించి, మళ్ళీ కారెక్కి, అద్దాలు ఎత్తేసి, ఫోను చూసుకుంటూ కూర్చుంటున్నాడు. ఒకావిడ లోపలికి వచ్చింది. బాత్రూము ఎక్కడని అడిగి, వెళ్ళొచ్చి, థాంక్సండీ అని చెప్పి వెళ్ళిపోయింది.

గురువారం ఛార్జరు కంపెనీ మనిషి వచ్చాడు. చిన్నసారు అతన్ని కాషు కౌంటరు పక్కన కూర్చోబెట్టి, ఉన్నమాట చెప్పేశాడు. "మీరేమో కారు పెట్టినవాళ్ళు కొట్లోకి వస్తారన్నారు. ఒక్కరు రావట్లేదు."

కంపెనీ మనిషి కంగారు పడలేదు. ఇలాంటివి చాలా విన్నట్టున్నాడు. "ఇది ఒక్కొక్కరు ఒక్కో కారణానికి పెడతారు సార్. ఆఫీసులవాళ్ళు తమ దగ్గర పనిచేసేవాళ్ళ కోసం. ఆస్పత్రులవాళ్ళు వచ్చేవాళ్ళ అవసరం కోసం. కొందరు గొప్ప కోసం. కొట్లవాళ్ళు మాత్రం ఒక్కందుకే పెడతారు. కరెంటు అమ్ముకోడానికి కాదు సార్, మనిషిని ఆపడానికి. నలభై నిమిషాలు మనిషి మన గుమ్మంలో ఉన్నాడంటే ఏదో ఒకటి కొనకుండా పోడు."

"ఆ ఆపేదేదో లోపల ఆపాలి కదా?"

"అవును. లోపలికి రావడానికి ఒక సాకు ఉండాలి. కాఫీ పెట్టండి, కుర్చీలు వెయ్యండి, ఏదైనా చిన్న పని పెట్టండి. ఇంకో సంగతుంది సార్. మనిషికి ఆగడం ఇష్టం ఉండదు. కొట్టువాడు ఆపాడనుకుంటే తిడతాడు. కారు ఆపిందనుకుంటే ఓపిగ్గా ఉంటాడు. ఆ తిట్టేదో మన మీద పడకుండా యంత్రం మీద పడుతుంది. అదీ ఇందులో కిటుకు."

దారం రీలు కోసం వచ్చిన టైలరు అప్పటికి అక్క కౌంటరు పక్కన ఉన్నాడు. అతని చెయ్యి రీళ్ళ పెట్టెలో ఆగిపోయింది. చిన్నగా, ముక్కుతో నవ్వాడు. "యంత్రం తిట్లు తింటుందట," అన్నాడు ఎవరితోనూ కాకుండా. నల్లదారం రీలు తీసుకుని వెనక్కి వెళ్ళిపోయాడు. అక్క అతను వెళ్ళినవైపే చూస్తూ ఉండిపోయింది.

భోజనాల వేళ ఆమె తన డబ్బా పట్టుకుని గోడౌన్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. "ఇందాక ఎందుకు నవ్వారు?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే మీరు నవ్వరు. మీకు నవ్వడానికి కూడా అరగంట పడుతుంది. చెప్పండి."

టైలరు డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేశాడు. "ఆ ఛార్జరుకి ముందు ఈ కొట్లో ఆ ఉద్యోగం నాదే," అన్నాడు.

అప్పుడు చెప్పాడు. చేరిన మొదటిరోజు ప్యాంటు ఒకటి చిటికెలో కుట్టి ఇచ్చాడట. ప్యాంటు కొన్నాయన వెంటనే తీసుకుని పోయాడు. పెద్దసారు పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, నీ చెయ్యి మంచిదయ్యా, కానీ నా వ్యాపారానికి మంచిది కాదు అన్నాడట. ఎంత తొందరగా కుట్టినా సరే, అరగంట అని చెప్పు. అయినదాన్ని తెర వెనక తగిలించు. వాళ్ళు కొట్లో తిరగాలి. తిట్లు నువ్వు తిను, బేరం నేను చేసుకుంటాను అన్నాడట. నవ్వుతూనే అన్నాడట గానీ, మాట మాత్రం తీసుకున్నాడు. ఎవరికీ చెప్పకూడదు. బయటికి పొక్కితే వచ్చేవాళ్ళు మొహాన ఉమ్మేస్తారు.

"నాకు కూడానా?"

"నీకే ముఖ్యంగా వద్దన్నాడు. నీ నోట్లో నువ్వుగింజ నానదని ఆయనకి తెలుసు."

అక్క మామూలుగా అయితే ఒంటికాలి మీద లేచేది. ఇప్పుడు అట్టపెట్టె మీద కూర్చుండిపోయింది. బెల్టులమ్మే పిల్ల దగ్గర్నించి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా ఆయన్ని నత్త అన్నప్పుడల్లా తనూ పక్కనుండి నవ్వింది. ఒకసారి కాదు. వచ్చినవాళ్ళు ఆయన్ని నానా మాటలూ అంటుంటే మొహం తిప్పుకుని చొక్కాలు మడతపెట్టింది. ఆ చొక్కాలు అమ్ముడుపోయింది ఆయన తిన్న తిట్ల వల్లేనని ఇప్పుడు తెలుస్తోంది. చొక్కాలమ్మడంలో అక్క తర్వాతే ఎవరైనా అని పెద్దసారు అందరి ముందూ మెచ్చుకుంటే పొంగిపోయింది కూడాను. ఆమెకి సిగ్గేసింది. వెంటనే కోపం కూడా వచ్చింది.

"నేను నత్తా నత్తా అంటూంటే ఎలా ఊరుకున్నారు మీరు?"

టైలరు కాస్త ఆలోచించాడు. "నువ్వు కూడా అలా అంటున్నావంటే, పోన్లే, పని బాగానే కుదురుతోందన్నమాట అనుకునేవాణ్ణి," అన్నాడు. ఆ మాట వేళాకోళానికి అనలేదు. అందుకే ఆమెకి అన్నం దిగలేదు.

"ఇది చిన్నసారుకి చెబుతాను."

"మాటిచ్చాను."

"ఇచ్చింది మీరు. నేనెవరికీ ఏ మాటా ఇవ్వలేదు," అని డబ్బా మూత గట్టిగా నొక్కింది అక్క.

శుక్రవారం కొట్టు తెరవగానే వెళ్ళింది. చిన్నసారు కౌంటరు మీద కాఫీ యంత్రాల బొమ్మలున్న పుస్తకం పెట్టుకుని చూస్తున్నాడు. ఆమె నిలబడే మొత్తం చెప్పింది. అడ్డుపడకుండా విన్నాడు. విన్నంతసేపూ పుస్తకంలో అదే పేజీ తెరిచి ఉంది. చిన్నసారు నమ్మడేమో, మొగుణ్ణి వెనకేసుకొస్తోందనుకుంటాడేమో అని ఆమె భయపడింది. నమ్మాడు. ఈ నాలుగు రోజులుగా ఖాళీగా పడున్న కౌంటర్లు అతనూ చూస్తూనే ఉన్నాడు.

"నాన్న నాకు చెప్పలేదే," అన్నాడు చివరికి. కొట్టు సంగతులన్నీ ఒక్కొక్కటే నేర్పించాడు, ఇది మాత్రం చెప్పకుండా పోయాడు అన్నట్టుంది ఆ గొంతు. ఒక్క క్షణం యజమానిలా లేడు. తండ్రి దాచిన వస్తువు పరాయివాడి దగ్గర కనపడిన కొడుకులా ఉన్నాడు.

"నాకూ చెప్పలేదు సార్, కట్టుకున్నదాన్ని," అంది అక్క.

అతను తల ఊపాడు. ఇంక వెళ్ళొచ్చని ఆమెకి తెలుసు, కానీ కాళ్ళు కదల్లేదు. ఇంట్లో పొద్దున్నించీ అనుకుని అనుకుని వచ్చిన మాట ఒకటుంది. మింగేద్దామనుకుంది, అది లోపలికి పోలేదు.

"అది నలభై నిమిషాలు ఆపుతుందని దానికి పందిరి వేయించారు సార్. ఆయన అరగంట ఆపాడని ఆయన మూల తీసేశారు."

చిన్నసారు కిటికీలోంచి ఛార్జరు వైపు చూశాడు. కాఫీ యంత్రాల పుస్తకం మూసేశాడు. "రేపు పొద్దున్న ఆయన్ని పాత చోటుకే వచ్చెయ్యమనండి. తెర మళ్ళీ కట్టిస్తాను. బోర్డు తీయించేస్తాను. మునపట్లాగే అరగంట అని చెప్పమనండి."

అక్క గెలిచినట్టే గోడౌన్లోకి వెళ్ళి చెప్పింది. టైలరు సంతోషిస్తాడనుకుంది. అతను కుడి చేతి వేళ్ళు ఒక్కొక్కటే విరుచుకుని, "మళ్ళీ అరగంటా?" అన్నాడు. అంతే అన్నాడు. ఆ పూట కూనిరాగం వినపడలేదు. ఈ నాలుగు రోజులూ తను ప్యాంట్లు మోసుకుని పరుగెత్తింది ఆయన ఉద్యోగం నిలబెట్టడానికి. నిలబడిన ఉద్యోగం ఇదా అని ఆమెకి అప్పుడు తోచింది. కానీ నోటి కాడికొచ్చిన కూడు కాలదన్నుకుంటామా అని ఆ ఆలోచనని పక్కకి నెట్టేసింది. "ఉన్న పని ఉండనివ్వండి. అరగంట అనెయ్యండి, మీకు అలవాటే కదా," అంది.

శనివారం మిషను మళ్ళీ మూలకి చేరింది. ఆకుపచ్చ తెర ఉతికి కట్టారు. పైన గోడ పొడుగునా కేబులున్న తెల్ల పైపు కొత్తగా మెరుస్తోంది, సరిగ్గా టైలరు తల మీదుగా కిటికీ పక్కనుంచి బయటికి పోయింది. కిటికీ అవతల పందిరి కింద ఒక కారు వచ్చి ఆగింది. కేబులు తగిలించిన మనిషి మళ్ళీ కారెక్కబోతూ ఆగి, ఒంగి తన కాలు చూసుకున్నాడు. కారు తలుపులో పడి ప్యాంటు అంచు కుట్టు ఊడి వేలాడుతోంది. తలెత్తితే ఎదురుగా కిటికీలో కుట్టుమిషనూ, దాని ముందు మనిషీ కనపడ్డారు. 

అంచు చేత్తో ఎత్తిపట్టుకుని, కాస్త మొహమాటపడుతూ లోపలికి వచ్చాడు. అక్క అతనికి వేసుకోడానికి కొత్త ప్యాంటు ఒకటిచ్చి ట్రయల్ రూము చూపించింది. అతను తన ప్యాంటు తెచ్చి టైలరు ముందు పెట్టాడు.

"ఎంతసేపు పడుతుందండీ?"

కాషు కౌంటరు దగ్గర చిన్నసారు రాస్తున్నవాడల్లా కలం ఆపాడు. అక్క చేతిలో చొక్కా సగం మడతలో ఉండిపోయింది. అనెయ్యండి, ఒక్క ముక్క, అనెయ్యండి అనుకుంది లోలోపల. టైలరు ఊడిన అంచుని బొటనవేలితో రాసి చూశాడు. సుద్దముక్క తీసి పక్కన పెట్టాడు. కాషు కౌంటరు మీది పెద్దసారు ఫొటో వైపు చూడలేదు.

"పది నిమిషాలండీ," అన్నాడు. "నిజానికి అంత కూడా పట్టదు."

అక్క చొక్కా బల్ల మీద పడేసింది. నాలుగు రోజుల పరుగూ, తను చిన్నసారు ముందు నిలబడటమూ అన్నీ ఒక్క మాటతో తుడిచిపెట్టుకుపోయాయి. చిన్నసారు మొహం చూడ్డానికి ఆమెకి ధైర్యం చాలలేదు.

కారాయన ఫోను తీసి చూసుకున్నాడు. "నా కారుకింకా అరగంటకి పైనే పడుతుందటండీ. నేనెలాగూ ఆగాలి. తొందరేం లేదు, మీరు నిదానంగా చెయ్యండి."

టైలరు తల ఎత్తాడు. "ఏమన్నారు?"

"నిదానంగానే చెయ్యండి అన్నాను."

ఆ కుర్చీలో కూర్చున్న ఇన్నేళ్ళలో ఎవరూ అతనితో ఆ మాట అనలేదు. టైలరు ఆ ప్యాంటుని ఒళ్ళోకి తీసుకున్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అప్పుడు మొదలుపెట్టాడు. ఊడిన కాలు ఒక్కటీ కుట్టి ఊరుకోలేదు. రెండో కాలి కుట్టు కూడా వదులుగా ఉందని విప్పేశాడు. మూడు రీళ్ళు కిటికీ వెలుతురులో పెట్టి చూసి, రంగులో రంగు కలిసేది ఏరుకున్నాడు. మడమ రాసుకునే చోట లోపలివైపు చిన్న పట్టీ వేశాడు. మిషను ముట్టుకోలేదు. ఒక్కొక్క పోగే సూదితో అందుకుంటూ, పైకి కుట్టు కనపడకుండా చేత్తో కుట్టుకుంటూ పోయాడు. మధ్యలో ఎప్పుడో సన్నగా కూనిరాగం మొదలైంది.

కారాయన కొత్త ప్యాంటులో అద్దం ముందు నిలబడి అటూ ఇటూ తిరిగి చూసుకున్నాడు. దీని మీదకి ఏ చొక్కా బాగుంటుందని అక్కని అడిగాడు. ఆమె బల్ల మీద చొక్కాలు పరిచింది, ఒకటి, ఇంకొకటి, మరొకటి. చూపిస్తూనే మూల వైపు కంట కనిపెడుతోంది. చిన్నసారు కౌంటరు వదిలి నెమ్మదిగా టైలరు దగ్గరికి వెళ్ళాడు. ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అనుకుంది. అతను తెర పక్కకి జరిపి లోపలికి చూశాడు. ఇనప కడ్డీ ఖాళీగా ఉంది. దాని మీద ఏమీ లేదు. కింద పడిన దారం రీలు ఒకటి ఒంగి తీసి మిషను మీద పెట్టి, తెరని మళ్ళీ మూసెయ్యకుండా, రింగులన్నీ గోడవైపుకి నెట్టేసి వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు.

టైలరు తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనించాడు. ఆవిరి లేచింది. అప్పటికి కారాయన చొక్కాల సంచీ చేత్తో పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. బయట ఛార్జరు మీద దీపం రంగు మారింది.

"అయిందాండీ?"

టైలరు ప్యాంటు మడతపెట్టి, రెండు చేతులతో అందించాడు.

"ఇప్పుడే అయిందండీ."

కారాయన దాన్ని అందుకుని, అరచేతిలోంచి అరచేతిలోకి మార్చుకున్నాడు. "అవును, ఇంకా వేడిగా ఉంది," అన్నాడు.